పాత తెరచాప పడవను ట్రైలర్ మీద దూరం తీసుకెళ్ళడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో తెరచాప పడవ నడపడం నేర్చుకోవాలనుకునే కుటుంబానికి అందుబాటు ధరలో దొరికేవి దాదాపు అన్నీ పాతవే. 1970లలో, 80లలో తయారై, ఎవరి ఇంటి పెరట్లోనో ట్రైలర్ మీద ఏళ్ళ తరబడి నిలబడిపోయిన 20, 22 అడుగుల పడవలు అవి. మనకు నచ్చినది మన ఊళ్ళో దొరకదు. రెండు మూడు రాష్ట్రాల అవతల దొరుకుతుంది. పడవ గురించి నెలల తరబడి చదివినవాళ్ళు కూడా దాని కింద ఉన్న ట్రైలర్ గురించి ఒక పూట ఆలోచించరు. ఈ ప్రశ్నలూ జవాబులూ అందుకే.

ఉదాహరణగా కెటలీనా 22 పడవను తీసుకున్నాను. ఫ్రాంక్ బట్లర్ రూపొందించిన ఈ పడవలు 15,000కు పైగా తయారయ్యాయి కనుక, పాత పడవ వెతికేవారికి ముందు ఎదురయ్యేది ఇదే. దారి ఫ్లోరిడాలోని పెన్సకోలా నుంచి హ్యూస్టన్ పక్కన క్లియర్ లేక్ వరకు, సుమారు 520 మైళ్ళు. కొలతలు అక్కడి రోడ్ల మీద, తూకాల మీద కనిపించే మైళ్ళు, పౌండ్లలోనే ఇస్తున్నాను.

మా కారు ఈ పడవను లాగగలదా?

మన ఇళ్ళలో ఎక్కువగా ఉండే కార్లనే చూద్దాం. అమెరికాలో అమ్మే హోండా సీఆర్‌వీ లాగుడు సామర్థ్యం 1,500 పౌండ్లకు మించదు. ఆ ఆలోచన మానుకోండి. టొయోటా సియెన్నా 3,500 పౌండ్లు, అంటే సరిగ్గా అంచున ఉంటుంది. ఆరు సిలిండర్ల హైలాండర్, నాలుగు చక్రాలకూ శక్తి అందే హోండా పైలట్ 5,000 పౌండ్ల వరకు లాగుతాయి. అదే పైలట్‌లో రెండు చక్రాల రకమైతే 3,500 మాత్రమే. మీ కారు ఏ రకమో, ఏ ఏడాదిదో చూసి, దాని యజమాని పుస్తకంలో ఉన్న అంకెనే నమ్మండి. పక్కింటాయన కారు లాగింది కదా అన్న లెక్క పనికిరాదు.

కారు వెనక ట్రైలర్‌ను తగిలించే ఇనుప అమరిక పేరు హిచ్. దానికి కూడా సొంత హద్దు ఉంటుంది. రెండో తరగతి హిచ్ 3,500 పౌండ్లకు ఆగిపోతుంది. కారుకు, హిచ్‌కు, దాని మీద ట్రైలర్ కూర్చునే బంతికి, ట్రైలర్‌కు నాలుగు వేర్వేరు హద్దులు ఉంటే, అన్నిటికంటే చిన్న అంకె ఏదో అదే మీ హద్దు. ట్రైలర్ ముందుకు పొడుచుకొచ్చి హిచ్‌కు తగిలే కడ్డీని నాలుక అంటారు. అది మోపే బరువు కారు వెనక ఇరుసు మీద పడుతుంది. కారులో ఐదుగురు మనుషులు, సామాను కూడా ఉంటే ఆ బరువులన్నీ కలుస్తాయి. పడవ తేవడానికి వెళ్ళేటప్పుడు ఇద్దరు పెద్దవాళ్ళు చాలు. పిల్లలను ఇంట్లో ఉంచి వెళ్ళండి.

పడవ 2,250 పౌండ్లేనని పుస్తకంలో ఉంది కదా, 3,500 వరకు భయం ఎందుకు?

అది కర్మాగారం నుంచి బయటికి వచ్చిన ఖాళీ పడవ బరువు. దానికి ట్రైలర్ ఒక్కటే 800 నుంచి 1,000 పౌండ్లు కలుపుతుంది. మోటారు, బ్యాటరీ, లంగరు, గొలుసు, తెరచాపలు, పరుపులు, పాత యజమాని ఎప్పుడూ బయట పెట్టని పనిముట్ల పెట్టెలు ఆపైన చేరతాయి. పాత పడవల పొరల్లోకి, ముఖ్యంగా డెక్కు లోపలి చెక్కలోకి, నీరు ఇంకి ఉంటే ఆ బరువు కంటికి కనిపించదు. మొత్తం 3,500 దాటినా ఆశ్చర్యం లేదు.

ఊహించడం ఎందుకు, తూకం వేయవచ్చు. పెద్ద రహదారుల పక్కన లారీలు ఆగే చోట్ల క్యాట్ స్కేల్ తూకాలు ఉంటాయి, కార్లకు కూడా వేస్తారు. ఒకసారి పడవతో, ఒకసారి కారు ఒక్కదాన్నీ తూయండి. తేడాయే ట్రైలర్‌తో కలిపి పడవ బరువు. పడవ కొన్న ఊళ్ళోనే, బయలుదేరకముందే ఈ పని చేయండి.

ట్రైలర్ బాగానే ఉంది, పోయినేడాది కూడా లాగాను అంటున్నారు అమ్మేవారు. నమ్మవచ్చా?

ఆయన అబద్ధం ఆడకపోవచ్చు. ఇంటి నుంచి రేవుకు నాలుగు మైళ్ళు, నెమ్మదిగా లాగి ఉంటారు. ఆ నాలుగు మైళ్ళకు పనికొచ్చిన ట్రైలర్ ఎండలో, 60 మైళ్ళ వేగంతో, తొమ్మిది గంటలు పరిగెత్తగలదని దాని అర్థం కాదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పడవకు యాభై ఏళ్ళున్నా దాన్ని ఇంటికి తెచ్చి బాగుచేసుకోవచ్చు, ట్రైలర్‌ను మాత్రం అది నిలబడి ఉన్న చోటే బాగుచేయాలి. బేరం కుదుర్చుకునేటప్పుడే టైర్లు, బేరింగులు, దీపాల ఖర్చును పడవ ధరలో భాగంగా లెక్కపెట్టండి. ఆ డబ్బు లేకపోతే ఆ పడవ కొనే డబ్బు మీ దగ్గర లేనట్టే.

చూసేటప్పుడు పడవ వైపు తల ఎత్తకుండా ట్రైలర్ కిందికి వెళ్ళండి. ఉప్పునీటిలో మునిగిన పెట్టె ఆకారపు ఇనుప దూలాలు లోపలి నుంచి తుప్పు పడతాయి. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. చిన్న సుత్తితో వరుసగా తట్టుకుంటూ వెళ్ళండి. ఖంగుమన్న చోట ఇనుము ఉంది, బొదబొదమన్న చోట తుప్పు ఉంది. వెల్డింగు అతుకులు, వెనక అడ్డ దూలం, ఇరుసు దూలానికి బిగించిన చోట్లు ముఖ్యం. కమాన్ కట్టల్లో ఆకులు పొరలు పొరలుగా ఉబ్బినా, ఒక్క ఆకు విరిగినా కట్ట మొత్తం మార్చాలి. కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు చవకగా దొరుకుతాయి. అవి తెగితే మాత్రం ఇరుసు ఒక పక్కకు జరిగిపోతుంది.

పడవ కూర్చునే కంబళి చుట్టిన చెక్కలను గోటితో కాక స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. ముందు వైపు, పడవను లాగి బిగించే విన్చ్ ఉన్న స్తంభాన్ని రెండు చేతులతో పట్టి ఊపండి. హిచ్ బంతి మీద కూర్చునే కప్పు మీద కొలత ముద్రించి ఉంటుంది. చాలావాటికి 2 అంగుళాలు, కొన్ని పాతవాటికి 1-7/8. చిన్న బంతి మీద పెద్ద కప్పు మొదట బాగానే కూర్చున్నట్టు కనిపిస్తుంది, గతుకు తగిలినప్పుడు లేచి వచ్చేస్తుంది.

టైర్లకు గీతలు లోతుగానే ఉన్నాయి. మార్చాల్సిందేనా?

ట్రైలర్ టైరు అరిగిపోయి కాక వయసు మీరి పాడవుతుంది. పక్క గోడ మీద డాట్ (DOT) అన్న అక్షరాల తరువాత వచ్చే వరుసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2317 అంటే 2017లో 23వ వారం. ఐదారేళ్ళు దాటితే గీతలు ఎంత లోతుగా ఉన్నా మార్చండి. మూడు అంకెలే ఉంటే ఆ టైరు 2000కు ముందుది. దాని మీద ఇంటి వీధి కూడా దాటవద్దు.

కొత్తవి ఎస్‌టీ (ST) గుర్తు ఉన్న ట్రైలర్ టైర్లే కావాలి, కారు టైర్లు కాదు. గాలి చల్లగా ఉన్నప్పుడు, పక్క గోడ మీద రాసిన పూర్తి పీడనానికి కొట్టించండి. గాలి తక్కువైతే పక్క గోడలు ముడుచుకుంటూ వేడెక్కుతాయి, ట్రైలర్ టైరు పగలడానికి అదే పెద్ద కారణం. స్టెప్నీ కూడా కొత్తదే ఉండాలి. మీ కారు జాకీ ట్రైలర్ ఇరుసు కిందికి దూరుతుందో లేదో, కారు పానా ట్రైలర్ నట్టులకు సరిపోతుందో లేదో ఇంటి దగ్గరే పెట్టి చూడండి. చాలాసార్లు రెండూ సరిపోవు.

బేరింగుల్లో గ్రీజు కొట్టిస్తే చాలదా?

చాలదు. చక్రం మధ్యలో బేరింగులు కూర్చునే హబ్ టోపీకి ఉండే నాజిల్‌లోంచి కొత్త గ్రీజు ఎక్కిస్తే లోపల ఉన్న నీరు, తుప్పు ఎక్కడివక్కడే ఉంటాయి. చరిత్ర తెలియని ట్రైలర్ అయితే హబ్ విప్పించి, పాత బేరింగులు తీసేసి, కొత్త బేరింగులు, కొత్త సీళ్ళు వేయించడం ఒక్కటే మార్గం. చేయి తిరిగినవారికి ఒక పూట పని. అంతకుముందే పరిస్థితి తెలుసుకోవాలంటే చక్రాన్ని జాకీ మీద లేపి తిప్పండి. గరగర శబ్దం వచ్చినా, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదిలినా సంగతి అర్థమైనట్టే.

మీ ఇరుసుకు సరిపోయే హబ్ ఒకటి, బేరింగులు వేసి గ్రీజు నింపి సిద్ధంగా ఉన్నది, వెంట పెట్టుకోండి. ఆదివారం సాయంత్రం లూసియానా పల్లెదారిలో బేరింగు పోతే ఆ కొలతది కొనడానికి కొట్టు తెరిచి ఉండదు. హబ్ దగ్గరుంటే రోడ్డు పక్కనే గంటలో మార్చుకుని బయలుదేరవచ్చు.

ట్రైలర్‌కు బ్రేకులు తప్పనిసరా?

చట్టం రాష్ట్రానికొకటి. ఫ్లోరిడాలో 3,000 పౌండ్లు దాటిన ట్రైలర్‌కు బ్రేకులు ఉండాలి. టెక్సస్‌లో ఆ హద్దు 4,500, కాలిఫోర్నియాలో 1,500. టెక్సస్ చట్టం చూసుకుని ఫ్లోరిడాలో బయలుదేరితే కుదరదు. చట్టాన్ని పక్కన పెట్టినా, 3,500 పౌండ్ల బరువు వెనక నుంచి తోస్తుంటే కుటుంబ కారు బ్రేకులు ఒక్కటే ఆపాలనడం అన్యాయం.

పడవ ట్రైలర్లకు ఎక్కువగా సర్జ్ బ్రేకులు ఉంటాయి. కారు వేగం తగ్గగానే ట్రైలర్ ముందుకు తోసుకొస్తుంది, ఆ తోపుడే హైడ్రాలిక్ పంపును నొక్కుతుంది. వీటికి కారులో వేరే పరికరం అక్కర్లేదు. పాత ట్రైలర్లలో పంపులో నూనె ఎండిపోయి, గొట్టాలు తుప్పుపట్టి, బ్రేకులు పేరుకే మిగిలి ఉంటాయి. పనిచేస్తున్నాయో లేదో మెకానిక్‌తో చూపించండి. వెనక్కి నడిపేటప్పుడు ఈ బ్రేకులు పట్టేయకుండా ఒక ఏర్పాటు ఉంటుంది. ఐదు తీగల దీపాల జోడింపులో ఐదో తీగ సాధారణంగా దాని కోసమే.

నాలుక మీద ఎంత బరువు ఉండాలి?

మొత్తం బరువులో పదో వంతుకు దగ్గరగా. 3,500 పౌండ్లకు 350. ఎడ్లబండిలో వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేస్తుందని మన పెద్దలకు తెలుసు. ట్రైలర్‌లోనూ అదే జరుగుతుంది, తేడా ఏమిటంటే ఇక్కడ అది 60 మైళ్ళ వేగంలో జరుగుతుంది. నాలుక తేలికైతే ట్రైలర్ పాములా ఊగడం మొదలుపెడుతుంది.

ఇంట్లో బరువు చూసుకునే చిన్న తూకంతోనే దీన్ని కొలవవచ్చు. మూడడుగుల బలమైన దుంగ ఒక కొనను ఇటుక మీద, రెండో కొనను తూకం మీద పెట్టండి. ఇటుక వైపు నుంచి ఒక అడుగు దూరంలో, తూకం వైపు నుంచి రెండడుగుల దూరంలో దుంగ మీద నాలుకను ఆనించండి. తూకం చూపిన అంకెను మూడుతో గుణిస్తే నాలుక బరువు వస్తుంది. ట్రైలర్ సమతలంగా ఉండాలి, చక్రాలకు అడ్డు పెట్టి ఉండాలి. బరువు తక్కువైతే పడవలోని లంగరు, బ్యాటరీ లాంటివి ముందుకు జరపండి. దానితో సరిపోకపోతే విన్చ్ స్తంభాన్ని ముందుకు బిగించి పడవనే జరపాలి. అప్పుడు కీల్, అంటే పడవ అడుగున ఉండే బరువైన రెక్క, ఆనే చోటు కూడా మారుతుందని గుర్తుంచుకోండి.

కదిలే కీల్ ఉన్న పడవకు వేరే జాగ్రత్త ఏమైనా ఉందా?

చాలా ఉంది, దీన్ని మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. కెటలీనా 22లో ఎక్కువ పడవలకు కింద పోత ఇనుప కీల్ ఉంటుంది, సుమారు 550 పౌండ్లు. ఒక పిన్ను మీద తిరుగుతూ, ఒక ఇనుప తీగ సాయంతో పైకి లేస్తుంది. రోడ్డు మీద ఆ బరువు తీగకు వేలాడకూడదు. ప్రతి గతుకుకూ తీగ, దాని కప్పీ, పిన్ను అన్నీ దెబ్బ తింటాయి. పడవ ట్రైలర్ మీద కుదురుగా కూర్చున్నాక తీగను వదులుచేసి, కీల్ బరువు మొత్తం ట్రైలర్ మధ్య ఉన్న ఆధారం మీద ఆనేలా దించండి. పక్కనున్న బిగింపు బోల్టు కీల్‌ను మోయడానికి కాదు, దాన్ని నమ్ముకోవద్దు. ట్రైలర్‌కు అలాంటి ఆధారమే లేకపోతే మందపాటి చెక్క దూలం ఒకటి బోల్టులతో బిగించి ఏర్పాటు చేసుకున్నాకే కదలండి.

మాస్ట్, మోటారు, చుక్కాని ఎలా సర్దాలి?

చుక్కాని ఊడదీసి పడవ లోపల పరుపుల మధ్య పెట్టండి. మోటారు వెనక బ్రాకెట్‌కు వేలాడుతూ రాకూడదు. ఐదు వందల మైళ్ళ కుదుపుకు పాత ఫైబర్‌గ్లాస్ వెనక గోడ చీలుతుంది. దాన్ని తీసి, తయారీదారు చెప్పిన వైపుకే పడుకోబెట్టి కారులోనో పడవ మధ్యలోనో కట్టండి. పెట్రోలు డబ్బా ఖాళీ చేయండి, నీటి తొట్టి కూడా.

తెరచాపను మోసే మాస్ట్ పాతిక అడుగుల అల్యూమినియం గొట్టం. ముందు, మధ్య, వెనక మూడు చోట్ల ఆధారం ఉండాలి. మధ్యలో ఆధారం లేకపోతే గతుకుల మీద విల్లులా ఊగుతుంది. దాన్ని పట్టి నిలబెట్టే పక్క తీగలన్నీ దగ్గరకు చేర్చి అడుగుకొకచోట కట్టండి. బిగింపు మరలను బట్టలో చుట్టండి, లేకపోతే డెక్కును తొలిచేస్తాయి. వెనక బయటికి వచ్చిన కొసకు ఎర్ర గుడ్డ కట్టండి, ఎంత బయటికి రావచ్చో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కెటలీనా 22 వెడల్పు 7 అడుగుల 8 అంగుళాలు. పెద్ద రహదారుల హద్దు 8 అడుగుల 6 అంగుళాలు కనుక ప్రత్యేక అనుమతి అక్కర్లేదు.

పడవను ఎలా కట్టాలి?

ముందు కొసను విన్చ్ పట్టీతో లాగి, దానికి తోడు వేరే గొలుసుతో కూడా కట్టండి. విన్చ్ ఒక్కటే చాలదు, దాని పళ్ళు జారవచ్చు. వెనక భాగం మీదుగా అడ్డంగా రాచెట్ బెల్టు వేసి రెండు వైపులా ట్రైలర్ దూలానికే బిగించండి. బెల్టు అంచు తగిలే చోట కంబళి ముక్క పెట్టండి. పడవ ట్రైలర్‌తో కలిసి కదలాలి, అంతవరకే బిగించండి. పాత ఫైబర్‌గ్లాస్‌ను నలిపేంత బిగువు వద్దు. కారుకు కలిపే రక్షణ గొలుసులు నాలుక కింద ఇంటూ గుర్తులా అడ్డంగా దాటాలి. బంతి నుంచి కప్పు ఊడినా నాలుక ఆ గొలుసుల మీద పడుతుంది, రోడ్డు మీద పడదు.

ఎంత వేగంతో వెళ్ళవచ్చు? ఊగడం మొదలైతే ఏం చేయాలి?

55 నుంచి 60. వేరే వేగం రాసి లేకపోతే ఎస్‌టీ టైర్ల హద్దు 65 మైళ్ళే. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే ఏ వాహనానికైనా చట్టం ప్రకారమే 55. మీ వెనక లారీలు హారన్ కొట్టినా కుడి వరుసలోనే ఉండండి. ముందు వాహనానికి మామూలుకంటే రెట్టింపు దూరం వదలండి.

ఊగడం మొదలైతే కారు బ్రేకు గట్టిగా నొక్కవద్దు, స్టీరింగును ఎదురు తిప్పవద్దు, వేగం పెంచవద్దు. యాక్సిలరేటర్ మీది కాలు మెల్లగా తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకోండి. వేగం తగ్గేకొద్దీ అదే సర్దుకుంటుంది. తరువాత సురక్షితమైన చోట ఆగి కారణం వెతకండి. నాలుక బరువో, టైరు గాలో, జరిగిన సామానో అయి ఉంటుంది. కారణం దొరకకుండా మళ్ళీ అదే వేగం అందుకోకండి.

ఎన్నిసార్లు ఆగాలి, ఆగినప్పుడు ఏం చూడాలి?

మొదటి ఆగడం పది మైళ్ళకే. రెండోది యాభై మైళ్ళకు, అప్పుడు చక్రాల నట్టులు మళ్ళీ బిగించాలి, కొత్త చక్రాలు వేసినప్పుడైతే ఇది తప్పనిసరి. ఆపైన పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ చుట్టూ తిరగండి. హబ్‌లకు చేయి దగ్గరగా పెట్టి, ఆపైన తాకి చూడండి. వెచ్చగా ఉండటం సహజం. చేయి పెట్టలేనంత కాలినా, ఒకటి రెండోదానికంటే చాలా వేడిగా ఉన్నా అక్కడే ఆగిపోవాలి. చిన్న పరారుణ థర్మామీటర్ ఉంటే అంకెలు రాసుకోవచ్చు. బెల్టుల బిగువు, దీపాలు, కప్పు గొళ్ళెం, మాస్ట్ కట్లు కూడా చూడండి. దీపాలు మిణుకుమిణుకుమంటే ముందు తెల్ల తీగను, అంటే ఎర్తును, అనుమానించండి.

ఈ ప్రయాణం సాగే ఐ-10 రహదారి మీద ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సిన చోట్లు ఉన్నాయా?

మొబైల్ ఊళ్ళో నది కింద సొరంగం దగ్గర రద్దీ ఎక్కువ. స్లైడెల్ దగ్గర ఐ-12 పట్టుకుంటే న్యూ ఆర్లీన్స్ నగరంలోకి పోకుండానే బాటన్ రూజ్ చేరవచ్చు. బాటన్ రూజ్‌లో మిసిసిపి వంతెన దగ్గర సాయంత్రం వేళ చిక్కుకోకండి. తరువాత అచఫలాయా చిత్తడి మీదుగా 18 మైళ్ళ పొడవైన వంతెన వస్తుంది. దాని మీద పక్కకు తీసి టైరు మార్చడం ప్రమాదం, అందుకే దానికి ముందే ఆగి హబ్‌లు, టైర్లు చూసుకోండి. లేక్ చార్లెస్‌లో 1952 నాటి కల్కషూ నది వంతెన ఏటవాలుగా ఉంటుంది, పక్క జాగా ఉండదు. ఎక్కేముందే వేగం సరిచేసుకోండి. గాలి జోరుగా ఉన్న రోజు ఈ దారి మానుకోవడం మేలు, ఎందుకంటే పడవ గాలికి పెద్ద పలక.

కాగితాల సంగతి?

పడవకు, ట్రైలర్‌కు, మోటారుకు మూడు విడి అమ్మకపు పత్రాలు రాయించుకోండి. టెక్సస్‌లో అవుట్‌బోర్డ్ మోటారుకు విడిగా టైటిల్, అంటే యాజమాన్య పత్రం, ఉంటుంది, కనుక దాని సీరియల్ నంబరు పత్రంలో ఉండాలి. ఫ్లోరిడాలో 2,000 పౌండ్ల లోపు ట్రైలర్లకు టైటిలే ఉండదు, రిజిస్ట్రేషన్ మాత్రమే. ఆ కాగితం అసలుది అడిగి తీసుకోండి. నవంబరు 1972 తరువాత తయారైన పడవ వెనక గోడ మీద కుడివైపు 12 అక్షరాల సంఖ్య ఉండాలి. కాగితాల మీద ఉన్నదీ అదేనా అని అక్షరం అక్షరం సరిచూడండి. ఇన్సూరెన్స్ వాళ్ళను రెండు ప్రశ్నలు అడగండి: రోడ్డు మీద పడవకు నష్టం జరిగితే ఇస్తారా, రోడ్డు పక్క సహాయం ట్రైలర్‌కు కూడా వర్తిస్తుందా. చాలా కారు పథకాల్లో రెండోదానికి జవాబు కాదనే.

ఇదంతా చూస్తే భయం వేస్తోంది. వేరేవాళ్ళతో తెప్పించుకోవచ్చా?

తప్పకుండా. పడవలు చేరవేసే వృత్తిదారులు ఉన్నారు. ట్రైలర్ దూలం తుప్పుపట్టి ఉన్నప్పుడు, మీ కారు హద్దు అంచున ఉన్నప్పుడు, ఇంతకుముందు ఎప్పుడూ ట్రైలర్ లాగనప్పుడు ఆ ఖర్చు సరైన ఖర్చే. వాళ్ళ ఇన్సూరెన్స్ పత్రం ముందు చూడండి. మీరే లాగాలనుకుంటే ఖాళీ పార్కింగు స్థలంలో ఒక ఉదయమంతా వెనక్కి నడపడం సాధన చేయండి. స్టీరింగు చక్రం అడుగున చేయి పెడితే, చేయి ఏ వైపు కదిలితే ట్రైలర్ ఆ వైపే పోతుంది.

రేవు చేరగానే నీళ్ళలో దించవచ్చా?

వెంటనే వద్దు. వేడి హబ్ చల్లని నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని సీలు గుండా నీటిని పీల్చుకుంటుంది. అరగంట ఆగండి. ఆ సమయంలో దీపాల తీగ విప్పి, మాస్ట్ సిద్ధం చేసుకోవచ్చు.

మాస్ట్ లేపే ముందు తల ఎత్తి చూడండి. రేవుల దగ్గర, పార్కింగు స్థలాల్లో కరెంటు తీగలు ఉంటాయి. అల్యూమినియం మాస్ట్ తీగకు తగిలితే, పట్టుకున్న మనిషి బతకడు. లేపే చోటు నుంచి రేవు దాకా నడిచి, దారి పొడవునా పైకి చూసి, తీగ ఒక్కటీ లేదని తేలాకే లేపండి. మీతో ఉన్న ప్రతివారికీ ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

పడవ ఇంతకుముందు వేరే చెరువులో ఉండి ఉంటే బిల్జి నీరు (పడవ అడుగున చేరే నీరు), మోటారులో నీరు, ట్రైలర్ గొట్టాల్లో నీరు పూర్తిగా వంచి, నాచు ఒలిచి, ఎండబెట్టాలి. 1988లో గ్రేట్ లేక్స్ ప్రాంతంలో బయటపడిన జీబ్రా ఆల్చిప్పలు ఇలా ట్రైలర్ల మీద ప్రయాణించే పడవలతోనే ఎక్కువగా కొత్త చెరువులకు పాకాయి, 2009లో టెక్సస్‌లోని లేక్ టెక్సోమాకూ చేరాయి. టెక్సస్‌లో నీరు వంచకుండా పడవను రోడ్డెక్కించడం నేరం. పడమటి రాష్ట్రాల్లో రోడ్డు మీదే తనిఖీ కేంద్రాలు ఉంటాయి, పడవతో వెళ్ళేవారు అక్కడ ఆగి చూపించాలి.